ఫాను మ్రోత – దాని యర్థము



నేడు నేను ముచ్చటింప దలచినది మన యిండ్లలో క్రొత్తగా వినవచ్చుచున్న యొక చప్పుడును గూర్చి. పిల్లలు పని చేసికొను లాప్‌టాపు లోపలి ఫాను చేయు చప్పుడది. తెలుగు పంతులునకు యంత్రములతో పనియేమి యని కొందఱనుకొనవచ్చును. ముప్పదియేండ్లకు పైగా బడిలో శబ్దమునకు అర్థము చెప్పుచు వచ్చినవాడను. ఈ మ్రోతయు నొక శబ్దమే. దానికిని అర్థమున్నది. ఆ యర్థము తెలిసినవారికి యంత్రము నిలుచును, ధనము మిగులును, ఇంటికి కీడు తప్పును. కావుననే ఈ ప్రసంగము.

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా కారణముగా దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు, హైదరాబాదు, బెంగుళూరు మొదలగు నగరములలో కొలువులు చేయుచున్న మన పిల్లలు పలువురు ఊళ్ళకు చేరిరి. వారితో లాప్‌టాపులును వచ్చినవి. కాలము చక్కబడిన పిమ్మట కొందఱు మఱలిపోయిరి. కొందఱు నేటికిని ఇంటి నుండియే పని చేయుచున్నారు. కాలేజీ పిల్లల చదువులకును, పరీక్షల దరఖాస్తులకును ఆ యంత్రమే ఆధారమైనది. ఒకప్పుడు ఇంటికి కాడియెద్దులెట్టివో, నేడు కొన్ని యిండ్లకు ఇదియు నట్టిదే. ఎద్దు రొప్పుచున్నచో ఆసామి ఊరకుండునా? ఏమి మేసినది, ఎంత దూరము నడచినది, ఎండలో నున్నదా యని విచారించును. అటులే యంత్రము రొప్పునప్పుడును విచారింపవలెను.

పగటివేళ ఆ చప్పుడు అంతగా తెలియదు. రాత్రి ఊరు సద్దుమణిగిన పిమ్మట, గదిలో అమ్మాయియో అబ్బాయియో పని చేయుచుండగా, వసారాలో పండుకొన్న పెద్దలకు తేనెటీగల గుంపు లేచినట్లు “జుయ్” మను రొద వినవచ్చును. దానిని విని కొందఱు “యంత్రము చెడినది” అందురు. కొందఱు “ఈ రొద ఆపరాదా” అని విసుగుకొందురు. ఈ రెండు మాటలును సరికావు. ఫాను మ్రోత రోగము కాదు. లోపల వేడిమి హెచ్చినదని చెప్పవచ్చిన దూత యది. కొండమీద పొగను జూచి నిప్పును ఊహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. పొగను విసరి చెదరగొట్టినంత మాత్రమున నిప్పు చల్లాఱదు గదా! అట్లే మ్రోతను మాన్పుట కాదు, వేడిమికి త్రోవ చూపుట మన పని. నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటలో నున్నది.

మొదట, ఈ వేడిమి ఎచట పుట్టుచున్నదో చూతము.

విద్యుత్తు పాఱు తీగ వేడెక్కును. ఈ సంగతిని కొలిచి లెక్క కట్టినవాడు జేమ్సు జౌలు అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు. 1841లో ఆయన ప్రకటించిన సూత్రము ప్రకారము, ఒక తీగలో ప్రవాహము రెట్టింపైనచో పుట్టు వేడిమి నాలుగు రెట్లగును. మీలో వయసు మీఱినవారు పూర్వపు వాల్వు రేడియోలను ఎఱుగుదురు. ఆ చెక్కపెట్టెల వెనుకటి అట్టకు చిల్లులుండెడివి. అచట చేయి పెట్టిన వెచ్చగా తగిలెడిది. లోపలి గాజు వాల్వుల వేడిమి పోవుటకే ఆ చిల్లులు. 1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున లోకమునకు చూపబడిన ఎనియాక్ అను గణనయంత్రమునందు అట్టి వాల్వులు సుమారు 18,000 ఉండెను. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును మ్రింగెడిది. దాని వేడిని నెట్టివేయుటకు పెద్ద పెద్ద ఫానులు అమర్చిరి. కావున గణనయంత్రమునకు ఫాను నిన్న మొన్న వచ్చిన చుట్టము కాదు.

1947 డిసెంబరులో అమెరికాలోనే బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. వాల్వు చేయు పనిని చిన్న ఘనపదార్థపు ముక్క చేయగలిగినది. దాని పేరుతోనే మనము చేతిరేడియోను ‘ట్రాన్సిస్టరు’ అని పిలుచుచుంటిమి. ఆ రేడియోలో ట్రాన్సిస్టరులు అఱడజనో, కొంచె మెక్కువో ఉండెడివి. నేటి లాప్‌టాపు లోపల బొటనవ్రేలి గోరంత చోట వందల కోట్ల ట్రాన్సిస్టరు లున్నవి. ఆ గోరంత ముక్కకే ప్రాసెసరని పేరు. ఒక్క ట్రాన్సిస్టరు పుట్టించు వేడిమి లెక్కకు రానిది. వందల కోట్లు కలిసి పనిచేసినప్పుడు మాత్రము అది నిప్పుకణిక వంటి దగును.

ఎంత వేడిమి యని మీరే లెక్క చూడవచ్చును. చార్జరుమీద చిన్న అక్షరములతో నున్న చీటీని అద్దాలు పెట్టుకొని చదువుడు. ఒక చార్జరుమీద 19.5 వోల్టులు, 3.34 ఆంపియరులు అని యున్నదనుకొందము. రెండును హెచ్చవేసిన 65 వాట్లు వచ్చును. యంత్రము ఎల్లప్పుడును అంత వాడదు. అది పై హద్దు. వాడిన దంతయు తుదకు వేడిమిగానే మాఱును. వెనుకటి 60 వాట్ల తీగబల్బు వెలుగుచుండగా వట్టిచేత పట్టుకొన గలిగినవా రెవ్వరు?

మఱొక పోలిక చెప్పెదను. వేయి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుభాగము సుమారు 150 మొదలు 200 చదరపు సెంటీమీటరులుండును. అనగా ఒక్కొక్క చదరపు సెంటీమీటరునకు అయిదాఱు వాట్లు వచ్చును. లాప్‌టాపులోని ప్రాసెసరు ఒకటి రెండు చదరపు సెంటీమీటరుల చోటనే 15 మొదలు 45 వాట్ల వఱకు వేడిని పుట్టించుట సామాన్యము. చోటును బట్టి చూచినచో ఇస్త్రీపెట్టె కంటె దీని తాపమే హెచ్చు. దానిని తీసివేయకున్న ప్రాసెసరు నిమిషమైనను నిలువదు.

ఆ వేడిమి బయటికి పోవుటకు చేసిన యేర్పాటు ముచ్చటైనది. ప్రాసెసరుమీద కొంచెము లేపనము పూసి, దానిపై రాగిరేకు నొకదానిని నొక్కి బిగింతురు. రెండు లోహముల నడుమ వెండ్రుకవాసి సందున్నను గాలి చేఱి వేడిని అడ్డగించును. ఆ సందును పూడ్చుటకే లేపనము. రాగిరేకునుండి బల్లపరుపుగా నొక రాగిగొట్టము బయలుదేఱి యంత్రపు అంచువఱకు పోవును. ఆ గొట్టము వట్టి రాగి కడ్డీ కాదు. దానిలోని గాలిని తీసివేసి, కొలదిగా నీటినుంచి, రెండు కొనలును మూసివేసియుందురు. గాలి లేనిచోట నీరు 40, 50 డిగ్రీలకే ఆవిరి యగును. ప్రాసెసరు వైపు కొన వేడెక్కగా నీరు ఆవిరియై రెండవ కొనకు పరువెత్తును. అచట చల్లబడి మఱల నీరై, గొట్టపు లోపలి గోడకు అంటియున్న వత్తివంటి పొరగుండ వెనుకకు ప్రాకి వచ్చును. అన్నపు గిన్నెమీద మూత పెట్టినప్పుడు ఆవిరి మూతకు తాకి బొట్లుబొట్లుగా మఱల గిన్నెలో పడుట అమ్మలందఱును నిత్యము చూచునదే. గొట్టములో జరుగునదియు నదియే. అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవరు అను శాస్త్రజ్ఞుడు 1963లో ఇట్టి గొట్టమును నిర్మించి చూపెను.

గొట్టపు రెండవ కొనకు పుస్తకపు పుటలవలె పలుచని లోహపు రేకులు దగ్గఱ దగ్గఱగా అతికియుండును. వాని యెదుటనే మన ఫాను ఉండును. అడుగునుండి చల్లని గాలిని పీల్చి, రేకుల నడుమగా దూర్చి, ప్రక్కకో వెనుకకో వెలువరించును. మన యింటికప్పునకు వ్రేలాడు ఫాను నిమిషమునకు సుమారు 300 మొదలు 400 చుట్లు తిరుగును. ఈ చిట్టి ఫాను మూడు, నాలుగు, అయిదువేల చుట్లు తిరుగుటయు కలదు. మ్రోత రాక మానునా?

ఇంకను వేడిమి హెచ్చి ప్రాసెసరు తాపము సుమారు 100 డిగ్రీలకు చేరువైనచో, యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకు పనిలో వేగము తగ్గించుకొనును. అప్పటికిని తగ్గకున్న తటాలున ఆగిపోవును. “యంత్రము పాతబడినది, మందగించినది” అని మన మనుకొనునది పెక్కు పర్యాయములు ఊపిరాడక మందగించుటయే.

ఈ యిబ్బంది మన గ్రామములందు హెచ్చుగా నుండుటకు మూడు కారణములు గలవు.

మొదటిది ఎండ. లాప్‌టాపు తయారుచేయువారు అనేకులు తమ యంత్రము 35 డిగ్రీల గాలి వఱకు వాడదగినదని వ్రాయుదురు. మా పల్నాటి రెంటచింతలలోను, గోదావరి యొడ్డున రామగుండములోను మే నెలలో 45 డిగ్రీలు దాటిన దినములు గలవు. రేకుల పైకప్పు క్రింద గది యెట్లుండునో చెప్పనక్కఱ లేదు. వేడిమి పోవు వేగము రెండు తాపముల నడుమ నున్న తేడాను బట్టి యుండును. యంత్రము లోపల 95 డిగ్రీలు, గదిలో 25 డిగ్రీలు ఉన్నచో తేడా 70. గదిలో 42 ఐనచో తేడా 53 మాత్రమే. అనగా అదే ఫాను, అదే వేగమున తిరిగియు, వేసవిలో నాలుగింట నొక పాలు తక్కువ వేడిని మోయగలదు. ఆ కొఱత తీర్చుటకై మఱింత వేగముగా తిరుగును. ఫాను వేగము రెట్టింపైన గాలి రెట్టింపగును గాని, త్రిప్పుటకు వలయు శక్తి ఎనిమిది రెట్లగును. మ్రోతయు అంతకంతకు హెచ్చును.

రెండవది దుమ్ము. ప్రత్తి యేరు దినములలో ఇంటినిండ దూదినుసి ఎగురును. కల్లములో పొట్టు, మిల్లు దగ్గఱ తవుడు, మిరపకాయల ధూళి, అగరువత్తుల పొగ, ఇవి అన్నియు గాలిలోనివే. వంటయింటి తాలింపు ఆవిరిలోని నూనెజిడ్డు వీనికి బంకవలె తోడ్పడును. ఫాను పీల్చు గాలితో ఇవి లోనికి పోయి రేకుల ముఖమున పేరుకొనును. కొంతకాలమునకు అది ఉన్నిగుడ్డవలె నగును.

మూడవది కూర్చుండు తీరు. మనవారు మంచముమీద పరుపుపై యంత్రము నుంచి పని చేయుదురు. గాలి పీల్చు కిటికీలు అడుగున నున్నవి గదా! పరుపు వానిని మూసివేయును. ముక్కు మూసి పరువెత్తు మన్నట్లుండును. ‘లాప్’ అను ఇంగ్లీషు మాటకు ఒడి యని యర్థము. పేరులో ఒడి యున్నను ఒడి దీనికి తగిన చోటు కాదు. వేడి యంత్రమును చిరకాలము తొడలమీద నుంచుకొన్నవారి చర్మముపై వలవంటి కమిలిన మచ్చలు ఏర్పడిన సంగతి వైద్యపత్రికలలో నమోదైయున్నది.

ఇక ఒక యింటి ముచ్చట చెప్పెదను. మా వీధిలోనొక కుటుంబమున కోడలు నగరములోని యొక సంస్థకు ఇంటినుండియే పని చేయుచుండెను. అమెరికా వేళలకు సరిపడునట్లు రాత్రులు పని. ప్రక్క వసారాలో మామగారు. ఆయన వృద్ధుడు, నిద్ర పలుచనివాడు. ఒకనాడు “అమ్మాయీ, ఆ మ్రోత మాన్పరాదటమ్మా” అనెను. “అది మాన్పిన యంత్రమే మానునండి, మామయ్యగారూ” అని యామె చెప్పెను. అయినను పెద్దాయనకు నిద్ర లేకపోవుట చూడలేక, మ్రోత బయటికి రాకుండ యంత్రము చుట్టు మెత్తని తువ్వాలు చుట్టి పని చేయ నారంభించెను. వారము తిరుగకముందే పని నడుమ యంత్రము రెండుమాఱులు ఆగిపోయెను. పైవారు ఆమెను మందలించిరి. మూడవమాఱు జరిగినచో కొలువు నిలుచునో లేదో యను బెంగ పట్టుకొన్నది.

పట్టణములో నొక దుకాణమునకు కొనిపోగా, తెఱచి చూడకయే “దీని ఆయువు తీఱినది, క్రొత్తది కొనుడు” అనిరి. క్రొత్తదానికి అఱువదివేలు చెప్పిరి. ఆ యేడు ప్రత్తి ధర బాగులేదు. అప్పు చేయుటకు సిద్ధపడుచుండగా మఱొక చోట చూపింపుడని నేను చెప్పితిని. రెండవచోట నొక కుఱ్ఱవాడు మా యెదుటనే అడుగుమూత విప్పెను. ఫానునకును రేకులకును నడుమ దూదినుసియు వెండ్రుకలును కలిసి చిన్న చాపముక్కవలె పేరుకొని యుండెను. చిమటాతో పట్టి లాగగా అది యొక్క ముక్కగా ఊడివచ్చెను. ఎండి పెళుసైన లేపనమును తుడిచి క్రొత్తది పూసి, మఱల బిగించెను. ఖర్చు కొన్ని వందలు మాత్రమే. యంత్రము నేటికిని పని చేయుచున్నది. మామగారికి ఇప్పుడు మ్రోత అంతగా వినబడదు. వినబడిననాడు “అమ్మాయీ, గాలి అడ్డమేమైన నున్నదేమో చూడమ్మా” అని ఆయనయే హెచ్చరించుచున్నాడు.

ఇక పరీక్షా విధానము. వైద్యుడు నాడి చూచినట్లు మనము మ్రోతను చూడవలెను. దీనికి కావలసినది వార్తాపత్రిక అంచునుండి చింపిన సన్నని కాగితపు పీలిక యొక్కటే. యంత్రమును గట్టిపీటమీద నుంచి, గాలి వెలువడు సందున కెదురుగా పీలికను పట్టుడు. నాలుగు విధములైన లక్షణములు కనబడును.

మ్రోత హెచ్చుగా నుండి, పీలిక బాగుగా ఎగిరి, వేడిగాలి ధారాళముగా వచ్చుచున్నచో త్రోవ సరిగానే యున్నది. పని బరువు హెచ్చినదని యర్థము. యంత్రము తెఱచిన క్రొత్తలో కొంతసేపు తనలోని దిద్దుబాట్లు చేసికొనుట సహజము. అది గంటలకొలది సాగినచో, ఏ పని యంత బరువుగా నున్నదో చూడవలెను. విండోసు యంత్రములలో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కమాఱు నొక్కినచో టాస్క్ మేనేజరు తెఱచుకొనును. ఎవ్వరు ఎంత పని చేయుచున్నారో బడిలో హాజరుపట్టీవలె అందు కనబడును. అక్కఱలేనిదానిని పిల్లలు మూసివేయవచ్చును.

మ్రోత హెచ్చుగానున్నను పీలిక కదలీ కదలక యుండినచో త్రోవ మూసికొన్నది. దుమ్ము తీయింపవలెను. దుమ్ము తీసి, గాలి చక్కగా వచ్చుచున్నను, తేలికపనికే వేడెక్కుచున్నచో లేపనము ఎండియుండును. దానిని మార్పింపవలెను.

మ్రోత లేక, గాలియు రాక, యంత్రము మాత్రము కాలిపోవుచు తనంతట ఆగిపోవుచున్నచో ఫాను చచ్చినది. నిశ్శబ్దముగా నున్నదని సంతోషింపరాదు. నాలుగింటిలో మిక్కిలి చెడ్డది ఇదియే. బాగుచేయించు వఱకు వాడరాదు. అయితే కొన్ని యంత్రములకు పుట్టుకతోనే ఫాను లేదు. ఆపిల్ సంస్థవారు 2020వ సంవత్సరము చివర విడుదల చేసిన మాక్‌బుక్ ఎయిర్ అట్టిది. మీ యింటిది ఏ జాతిదో పిల్లలనడిగి తెలిసికొనుడు.

మ్రోత “జుయ్” మని కాక, గరగరయనియో టకటకయనియో వినబడినచో ఫాను ఇరుసు అఱిగినది, లేదా రెక్కకేదో తగులుచున్నది. అపుడు ఫాను మాత్రము మార్చిన చాలును. బండి యిరుసు అఱిగినదని బండినే పాఱవేయుదుమా?

దుమ్ము తీయుటలో జాగ్రత్త అవసరము. యంత్రము ఆపి, చార్జరు తీసివేసి, చల్లాఱిన పిమ్మట మెత్తని కుంచెతో బయటి కిటికీలు తుడువవచ్చును. కెమెరా దుకాణములలో దొరకు రబ్బరు గాలితిత్తితో సందులలోనికి ఊదవచ్చును. నోటితో ఊదరాదు, తుంపరలు లోనికి పోవును. లోపల శుభ్రము చేయుపని తెలిసినవారికే విడువుడు. వారు చేయునప్పుడును మీ యెదుట తెఱచి చూపుమని యడుగుడు. గాలి కొట్టునప్పుడు ఫాను రెక్కలను సన్నని పుల్లతో ఆపి పట్టవలెను. లేకున్న మితిమీఱిన వేగమున తిరిగి ఇరుసు చెడవచ్చును.

చల్లదనముపై ఆత్రముతో కొందఱు వింతపనులు చేయుదురు. యంత్రమును ఫ్రిజ్జిలో పెట్టుట అట్టిది. చల్లని నీళ్ళ చెంబు వెలుపల చెమర్చుట చూచినవారమే. ఫ్రిజ్జినుండి తీసిన యంత్రము లోపల అట్లే చెమర్చి, నీటి బొట్లు పాడుచేయును. తడిగుడ్డ వేయుటయు నట్టిదే. నీటికూలరు ముఖమునకు దగ్గఱగా పెట్టరాదు, దాని గాలిలో తేమ హెచ్చు. మామూలు ఫాను గాలి మేలు. మూత మూసినంతనే యంత్రము ఆగినదనుకొని సంచిలో దోపుటయు పొరపాటు. సంచిలో మేలుకొని ఉడికిపోవుటయు కలదు. పూర్తిగా ఆపి, ఆఱిన పిమ్మటనే సంచిలో పెట్టవలెను.

ఇప్పుడు చెప్పబోవునది శ్రద్ధగా వినుడు. ఇంతవఱకు చెప్పినది ధనమునకును కొలువునకును సంబంధించినది. ఇది ప్రాణమునకు సంబంధించినది. లాప్‌టాపులో లిథియం బ్యాటరీ యున్నది. చిరకాలము వేడిలో మగ్గిన బ్యాటరీ త్వరగా ముసలిదగును. కొన్ని లోపల వాయువు పుట్టి ఉబ్బును. గుర్తులు కంటికి కనబడును. బల్లమీద నుంచిన యంత్రము నాలుగు కాళ్ళమీద సమముగా కూర్చుండక ఊగును. వ్రేలితో రాయుదుమే, ఆ పలక పైకి లేచును. మూత సరిగా పడదు. ఇందేది కనబడినను తత్క్షణమే చార్జరు తీసి, యంత్రము ఆపి, పరుపులకును గడ్డికిని దూరముగా నుంచవలెను. ఉబ్బును నొక్కరాదు, సూదితో పొడువరాదు, ఎండలో నుంచరాదు. చినిగిన లిథియం బ్యాటరీ మంటలు గ్రక్కును. తెలిసినవారిచేత తీయింపవలెను. తీసినదానిని చెత్తకుప్పలో వేయరాదు, కాల్చరాదు. ఇట్టివానిని తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై నుంచుచు భారత ప్రభుత్వము 2022లో నియమములు చేసినది. అమ్మినవారినడిగిన అప్పగించు త్రోవ తెలియును. రాత్రి మంచముమీద, దిండు క్రింద చార్జింగు పెట్టి నిద్రించుట ఏ యింటను జరుగకుండ పెద్దలు చూడవలెను.

పెద్దలమైన మనము చేయగల సాయమేమి? యంత్రపు లోతులు మనకు తెలియనక్కఱలేదు. పిల్లకు పని చేసికొనుటకు ఎండ తగులని, పొయ్యికి దూరమైన చోటు చూపుదము. పరుపు బదులు గట్టి బల్లయో, చెక్కపీటయో ఏర్పఱచుదము. వెనుకటి కాళ్ళ క్రింద వ్రేలెడెత్తు చెక్కముక్కలు రెండు పెట్టినచో అడుగున గాలి యాడును. కిటికీలకు అవి అడ్డము రాకుండిన చాలును. ప్రత్తి పని ముగిసి ఎండలు ముదురకమునుపు ఉగాది వచ్చును. ఇల్లు దులిపి సున్నము వేయు ఆ దినములలోనే యంత్రమునకును ఏడాదికొకమాఱు దుమ్ము తీయించు నలవాటు చేసికొందము. “క్రొత్తది కొనుడు” అని యెవరైన అన్నచో, తెఱచి చూచితిరా యని అడుగుదము.

రాత్రివేళ మ్రోత వినబడినపుడు విసుగుకొనక, గాలి ఆడుచున్నదా యని ఒక్క మాట అడుగుడు. ఆ గదిలో మేలుకొని యున్నది మన బిడ్డయే. ఆమె చేయుచున్నదియు మన యింటి సేద్యమే.